తొంభై మూడు మంది పిల్లల దండయాత్ర

1905 ఫిబ్రవరి 23న శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పేపరు మొదటి పేజీలో ఓ పెద్ద హెడ్డింగు. జపనీయుల దండయాత్ర, ఈ ఘడియలో మన అసలు సమస్య అని. అప్పటికి సముద్రం అవతల రష్యాకీ జపాన్‌కీ యుద్ధం జరుగుతోంది, జపాన్ గెలుస్తోంది కూడా. ఆ హెడ్డింగు ఒక్కటే చదివినవాడు యుద్ధనౌకలు కాలిఫోర్నియా ఒడ్డుకి వచ్చేశాయేమో అనుకోవాలి. తీరా చూస్తే ఆ దండయాత్ర చేస్తున్నది తోటల్లో కూలిపనికి పోయేవాళ్ళూ, తెల్లవాళ్ళ ఇళ్ళల్లో వంటా అంట్లూ చూసుకుంటూ చదువుకునే కుర్రాళ్ళూను.

అక్కడితో ఆగితే బావుండేది. నెలల తరబడి అదే వరస. జపాన్ వాళ్ళ వల్ల అమెరికన్ ఆడవాళ్ళకి ముప్పు అని ఒకరోజు, ఆసియా కూలీల వెంటే నేరాలూ దరిద్రమూ వస్తాయని ఇంకోరోజు, బళ్ళల్లో వాళ్ళుంటే మన పిల్లలు పాడైపోతారని మరోరోజు. పది రోజులు తిరక్కుండానే కాలిఫోర్నియా శాసనసభ జపాన్ వలసల్ని అరికట్టమని తీర్మానం చేసేసింది. మే నెలలో జపనీయుల్నీ కొరియన్లనీ రానివ్వకూడదంటూ ఓ సంఘం పుట్టింది. 1906 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో స్కూలు బోర్డు, ఆ పిల్లలందరూ చైనా పిల్లల కోసం విడిగా పెట్టిన బడికి పోవాలని ఆర్డరు వేసింది. ఇంత గొడవా చేసి, ఊరు మొత్తం మీద గవర్నమెంటు బళ్ళల్లో ఉన్న జపాన్ పిల్లలు ఎంతమందయ్యా అంటే 93 మంది. అందులో పాతికమంది అమెరికాలోనే పుట్టినవాళ్ళు!

పేపర్లో హెడ్డింగు, సభలో తీర్మానం, ఆఫీసులో ఆర్డరు. పైప్‌లైన్ బ్రహ్మాండంగా పనిచేసింది. ఇన్‌పుట్‌ని మాత్రం ఎవడూ వాలిడేట్ చెయ్యలేదు.

మధ్యలో ఇంకో సంగతి. ఆ ఆర్డరుకి ఆరు నెలల ముందే, 1906 ఏప్రిల్‌లో, ఆ ఊరు భూకంపానికీ మంటలకీ బూడిదైపోయింది. జపాన్ దాదాపు రెండున్నర లక్షల డాలర్లు సాయం పంపించింది. మిగతా దేశాలన్నీ కలిపి ఇచ్చినదానికంటే ఎక్కువ. భూకంపాన్ని పరిశీలించడానికి టోక్యో నుంచి ఒమోరి అనే పేరుమోసిన శాస్త్రవేత్త వస్తే, పాపం ఆయన్ని వీధిలో కుర్రాళ్ళు రాళ్ళెట్టి కొట్టారు.

నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఆరోపణల తీరు. అంతకుముందు చైనావాళ్ళ మీద ఏమని రాసేవారు? మనలో కలవరు, సంపాదించింది ఇంటికి పంపేస్తారు, కుటుంబాలు లేవు, ఈ దేశంలో ఉండిపోయే ఉద్దేశం లేదు అని. 1882లో వాళ్ళ కూలీలు రాకుండా చట్టమే చేశారు. మరి జపాన్ వాళ్ళు? సూట్లేసుకున్నారు, ఇంగ్లీషు నేర్చుకున్నారు, భూములు కౌలుకి తీసుకున్నారు, కొన్నారు, పెళ్ళాల్ని తెచ్చుకున్నారు, పిల్లల్ని కన్నారు. జార్జ్ షిమా అనే ఆయనైతే డెల్టాలో బురదనేలల్ని బాగుచేసి బంగాళాదుంపల రాజు అనిపించుకున్నాడు. పేపర్లు సంతోషించాలి కదా? అబ్బే. భూములు లాక్కుంటున్నారు, ఇక్కడే పాతుకుపోతున్నారు అని మొదలెట్టాయి. శాక్రమెంటో బీ పేపరు ఓనరు మెక్‌క్లాచీ అయితే, వీళ్ళు కష్టజీవులు, పట్టుదల ఉన్నవాళ్ళు, తక్కువలో బతగ్గలరు, అందుకే మిగతావాళ్ళకంటే ప్రమాదం అని ఏళ్ళ తరబడి వాదించాడు. 1910 జనాభా లెక్కల ప్రకారం కాలిఫోర్నియాలో జపనీయులు 41,356 మంది. నూటికి ఇద్దరు కూడా లేరు.

1913లో భూమి చట్టం వచ్చింది. అందులో జపాన్ అన్న మాటే కనపడదు. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనకూడదు అని ఉంటుంది. ఆ అర్హత తెల్లవాళ్ళకీ ఆఫ్రికా సంతతివాళ్ళకీ మాత్రమే ఉండేది మరి. కండిషన్ని ఒకచోట రాసి, ఇంకోచోటనుంచి పిలవడం మనకి తెలియని విద్య కాదుగా.

జపాన్ వాళ్ళు దీనికి కనిపెట్టిన విరుగుడు ఏంటంటే, మేం చైనావాళ్ళలాంటి వాళ్ళం కాము అని చెప్పుకోవడం. వాళ్ళ దౌత్యాధికారులకి 1890ల నుంచీ అదే బెంగ. వాళ్ళ సంఘాలు కూడా తమవాళ్ళకి అదే నూరిపోశాయి: చైనావాళ్ళ జూదశాలలకి పోకండి, మంచి బట్టలు కట్టుకోండి, అమెరికన్లలా కనపడండి. తకావో ఒజావా అనే ఆయన ఇవన్నీ అక్షరాలా పాటించాడు. బర్కిలీలో చదివాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడేవాడు, పిల్లల్ని అమెరికన్ చర్చికీ అమెరికన్ బడికీ పంపాడు. ఇరవయ్యేళ్ళు ఆ దేశంలో ఉండి పౌరసత్వానికి అప్లై చేశాడు. 1922లో సుప్రీంకోర్టు ఏమందంటే, ఈయన గుణానికీ చదువుకీ వంక లేదు, కానీ కాకేసియన్ జాతి కాదు కాబట్టి ఇవ్వం అని.

ఇక మన వంతు. 1907 సెప్టెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో కర్రమిల్లుల్లో పనిచేసే పంజాబీలని ఓ అయిదువందల మంది తెల్లవాళ్ళు కొట్టి ఊళ్ళోంచి తరిమేశారు. ఎక్కువమంది సిక్కులే అయినా పేపర్లకి అందరూ హిందువులే. దండయాత్ర అన్న మాట సిద్ధంగా ఉంది, ఫైండ్ అండ్ రీప్లేస్ కొడితే సరిపోయింది. (ఆ ఊరి పేపరు బెల్లింగ్‌హామ్ హెరాల్డ్ సరిగ్గా నూరేళ్ళకి, 2007లో, అప్పటి తన రాతలకి క్షమాపణ చెప్పింది. మెచ్చుకోవాల్సిందే.) 1923లో భగత్ సింగ్ థింద్ కోర్టుకెక్కాడు. అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఆయన వాదన వింటే ఇప్పటికీ ఎలాగో ఉంటుంది: నేను అగ్రకులస్థుణ్ణి, ఆర్యుణ్ణి, కాకేసియన్ అంటే నేనే అని. ఒజావా కేసులో కాకేసియన్ కాదు పొమ్మన్న అదే కోర్టు మూడు నెలలకే, నువ్వు శాస్త్రప్రకారం కాకేసియన్ అయితే అవ్వొచ్చు, మామూలు మనిషి కంటికి తెల్లవాడివి కాదు అంది. రెండు తీర్పులూ రాసిన జడ్జి సదర్లండ్ ఇంగ్లండులో పుట్టి వలసొచ్చినవాడే!

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడు నడిచే వాదన కూడా అదే. మేం లీగల్‌గా వచ్చాం, టాక్సులు కడుతున్నాం, గోడ దూకి వచ్చినవాళ్ళతో మాకు పోలికేంటి అని. 2024 డిసెంబరులో హెచ్‌1బి మీద ఎక్స్‌లో రచ్చ జరిగినప్పుడు తిట్టినవాళ్ళు ఎవరూ మన పేస్టబ్బులు చూసి తిట్టలేదు. మనవాడు బాగా పనిచేస్తాడనీ, తక్కువకి చేస్తాడనీ, వచ్చి ఉండిపోతాడనీ తిట్టారు. మెక్‌క్లాచీ చదివితే తన వ్యాసమే అనుకునేవాడు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేతాలో ఒక తెలుగు ఇంజినీరుని నా దేశంలోంచి పో అంటూ కాల్చి చంపినవాడు, అతన్ని ఇరాన్‌వాడనుకున్నాడు. మరి అక్కడ, నేను ఇరాన్‌వాణ్ణి కాదు ఇండియన్ని అని చెప్పే టైమెక్కడుంది? చెప్పగలిగినా, ఇరానీ అయితే కాల్చొచ్చనా మనం అనేది?

పేపర్లన్నీ ఒక్కలాగే లేవు, అది కూడా చెప్పాలి. 1942లో పశ్చిమ తీరంలోని దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతి వాళ్ళని క్యాంపుల్లోకి తోలారు, మూడింట రెండొంతుల మంది అమెరికన్ పౌరులే. అందరికంటే ముందు పంపింది సియాటిల్ పక్కన బెయిన్‌బ్రిడ్జ్ అనే చిన్న ద్వీపం వాళ్ళని. అక్కడి రివ్యూ అనే చిన్న పేపరుని వాల్ట్, మిల్లీ వుడ్‌వర్డ్ అనే భార్యాభర్తలు నడిపేవారు. ఇది తప్పని మొదట్నుంచీ రాశారు, చందాదార్లని పోగొట్టుకున్నారు. అంతేకాదు, క్యాంపుకి పోయిన కుర్రాళ్ళనే విలేకర్లుగా పెట్టుకున్నారు. ఎవరికి పెళ్ళయింది, ఎవరింట్లో పిల్ల పుట్టింది, బేస్‌బాల్‌లో ఎవరు గెలిచారు, అవీ ఆ కుర్రాళ్ళు పంపిన వార్తలు. మిగతా ఊరివాళ్ళ కబుర్లతోపాటే వారంవారం వేశారు.