పెట్రోలు బంకు, పక్కన అంగడి: గోరంట్లలో అనుమతి లెక్క

వేరుశెనగ, చింతపండు, బెల్లం, పట్టుగూళ్లు - ఏ సరుకైనా సరే, గోరంట్ల ప్రాంతపు వర్తకుని పట్టీలో కిరాయి పద్దు ఒకటి తప్పకుండా వుంటుంది. ఆ కిరాయిలో పెద్ద వంతు డీజిలుదే. అందువల్ల కదిరి-హిందూపురం రోడ్డు మీద మరో పెట్రోలు బంకు, దాని పక్కన ఒక చిన్న అంగడి వచ్చే మాట వినబడినప్పుడల్లా అది ఒక్క బంకు యజమాని సొంత వ్యవహారంగా వుండిపోదు. అనుమతి ఎవరిస్తారు, ఎన్నాళ్లకు ఇస్తారు, ఎవరు అడ్డుపడవచ్చు అన్న ప్రశ్నలు మండీలో కూర్చున్నవారికీ వర్తిస్తాయి.

గోరంట్ల చుట్టూ రవాణా పెరిగిన సంగతి వేరే చెప్పనక్కరలేదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల ఉత్పత్తి మొదలైంది. ఈ మండలంలోని పాలసముద్రం వద్ద కస్టమ్స్, పరోక్ష పన్నుల శాఖ శిక్షణ అకాడమీ 2024 జనవరిలో ప్రారంభమైంది. 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయి కలెక్టరు కచేరీ అనంతపురం నుంచి పుట్టపర్తికి వచ్చింది. అర్జీదారునికి బస్సు చార్జీ తగ్గింది. ఫైలు ఎక్కవలసిన మెట్లు మాత్రం తగ్గలేదు.

ఆ మెట్లేమిటో వర్తకులకు తెలిసి వుండడం మంచిది. చాలామంది అనుకుంటున్నట్లు బంకుకు అసలు లైసెన్సు పంచాయతీ ఇచ్చేది కాదు. 1934 నాటి పెట్రోలియం చట్టం కింద, 1976 నిబంధనల స్థానంలో వచ్చిన 2002 నిబంధనల ప్రకారం, పెట్రోలు నిల్వకు లైసెన్సు ఇచ్చేది నాగపూరు ప్రధాన కార్యాలయంగా గల కేంద్ర పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ. దానికి ముందు జిల్లా కలెక్టరు నుంచి నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ కావాలి. ఆ సర్టిఫికెట్ కోసం స్థలం ప్లానుతో అర్జీ పెడితే కలెక్టరు కచేరీ నుంచి రెవెన్యూ, పోలీసు, అగ్నిమాపక, రోడ్లు భవనాల శాఖలకూ, స్థానిక సంస్థకూ కాగితాలు వెళతాయి. అందరి రిపోర్టులూ తిరిగి వచ్చాక కలెక్టరు నిర్ణయిస్తారు. విచారణ మూడు నెలల లోపున ముగించాలని 144వ నిబంధన చెబుతున్నది. గడువు కలెక్టరుది. కింది కార్యాలయాలు ఒక్కొక్కటి ఎన్ని రోజుల్లో రిపోర్టు పంపాలో అందులో లేదు. చిక్కంతా ఇక్కడే వున్నది.

పంచాయతీ పాత్ర రెండు చోట్ల వస్తుంది. మొదటిది, కలెక్టరుకు పంపే అభిప్రాయం. రెండవది, 1994 పంచాయతీరాజ్ చట్టం కింద కట్టడానికి అనుమతి, ప్రమాదకర వ్యాపారాలకు ఇచ్చే లైసెన్సు, ఇంటి పన్ను. ఈ రెండూ వేర్వేరు పనులు. వ్యవహారంలో మాత్రం ఒకే ముడిగా బిగుసుకుంటాయి. అభిప్రాయం అడిగినప్పుడు పంచాయతీ నోరు మెదపదు. కలెక్టరు సర్టిఫికెట్ వచ్చి, ట్యాంకులు పాతడానికి గుంత తవ్వేనాటికి "మా తీర్మానం లేదు" అని కట్టడం ఆపమంటుంది. సర్పంచి పదవిలో ఎవరున్నా, కార్యదర్శి ఎవరైనా, చిన్న ఊళ్లలో ఇలా జరగడానికి ఆస్కారం వున్నది. ముందే చెప్పవలసిన అభ్యంతరం వెనక చెబితే దాని ధర అర్జీదారుడు వడ్డీ రూపంలో కట్టుకుంటాడు.

ఆ వడ్డీ ఎంతో మండీ లెక్కలోనే చూడవచ్చు. స్థలం లీజు, చదును, ప్రహరీ, డిపాజిట్లు, కరెంటు కలుపుకొని 30 లక్షల రూపాయలు ఇరుక్కున్నవనుకుందాం. నూటికి రూపాయిన్నర వడ్డీ చొప్పున నెలకు 45 వేలు. ఆరు నెలలు ఫైలు కదలకపోతే 2 లక్షల 70 వేలు. డీజిలు మీద లీటరుకు రెండు రూపాయల కమీషను మిగులుతుందనుకున్నా, ఆ నష్టం పూడడానికి 1,35,000 లీటర్లు అమ్మాలి. 12 వేల లీటర్ల ట్యాంకర్లు పదకొండుకు పైనే. డీలరు కమీషను 2017 తర్వాత మళ్లీ పెరిగింది 2024 అక్టోబరులో. అన్నేళ్లు నిలిచిపోయే కమీషను మీద నడిచే వ్యాపారానికి ఆరు నెలల ఆలస్యం చిన్న విషయం కాదు. పైగా బంకు తెరిచాక ట్యాంకరు లోడుకు ముందుగా డబ్బు కట్టాలి. రైతు ట్రాక్టరుకు పోయించుకునేది మటుకు పంట చేతికి వచ్చాక ఇచ్చే ఖాతా మీద. పెట్టుబడి పలచబడ్డ డీలరు మొదట కోసేది ఈ ఖాతానే. దెబ్బ విత్తనాల వేళ రైతు మీద పడుతుంది, ఆ రైతు బాకీ వున్న కమీషన్ ఏజెంటు మీదా పడుతుంది.

ఇక అభ్యంతరాల సంగతి. ఇందులో వర్తక లోకం తన ముఖం తాను అద్దంలో చూసుకోవలసి వున్నది. బంకు మీద వచ్చే పిటిషన్లలో "ప్రజా భద్రత" అని రాసి వుంటుంది. రాయించినవారు చాలాసార్లు పాత బంకుకో, ఎదుటి కిరాణాకో చుట్టాలై వుంటారు. పోటీదారుని అభ్యంతరానికి చట్టంలో విలువ లేదని సుప్రీంకోర్టు ఏనాడో తేల్చింది. 1970లో, ఒక బియ్యం మిల్లు వేరేచోటికి మారడానికి ఇచ్చిన అనుమతిని మరో మిల్లువారు సవాలు చేయగా, వ్యాపారంలో పోటీ పెరగడం వల్ల కలిగే నష్టం చట్టం దృష్టిలో హక్కుకు భంగం కాదన్నది. 1975లో సినిమాహాలు స్థలానికి ఇచ్చిన నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ విషయంలోనూ ఎదుటి హాలు యజమానికి అదే జవాబు దక్కింది. బంకు సర్టిఫికెట్ కూడా అదే జాతి కాగితం. కనుక పోటీ భయంతో పెట్టిన పిటిషన్ చివరకు నిలవదు. కాలహరణానికి మటుకు బాగా పనికివస్తుంది. అది తెలిసే పెడతారు.

అలాగని అభ్యంతరాలన్నీ కిట్టనివారి రాతలే అనడం కూడా సబబు కాదు. బంకు పాతేది వేల లీటర్ల పెట్రోలును, ఊరి నేలలో. ఏటా 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే పీఠభూమి ఇది. చిత్రావతిలో నీరు కనిపించే రోజులు తక్కువ; ఊరికి బోర్లే దిక్కు. ట్యాంకు కారితే పైకి ఏమీ కనబడదు. స్టాకులో రోజుకు కొన్ని లీటర్లు తరిగితే ఆవిరి కింద రాసుకుంటారు. నీళ్లలో వాసన వచ్చేనాటికి ఆ బోరు పనికి రాకుండా పోతుంది. అమెరికాలో ఇటువంటి పాత ట్యాంకుల కారుడు బెడద ముదిరాకనే 1984లో భూగర్భ ట్యాంకుల మీద ప్రత్యేక చట్టం తెచ్చారు. ఇక్కడ జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశం మీదట కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో నియమాలు జారీ చేసింది. కొత్త బంకు బడికి, పది పడకలకు తగ్గని ఆసుపత్రికి, నివాస ప్రాంతంగా గుర్తించిన చోటుకు 50 మీటర్ల దూరంలో వుండాలి. స్థలాభావం వల్ల సడలించినా, అదనపు భద్రతలతో, 30 మీటర్లకు తగ్గరాదు.

ఈ 50 మీటర్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వస్తుందో, ఏ బోరు నుంచి ఊరి ట్యాంకు నిండుతుందో, వాన పడితే మురుగు ఎటు పారుతుందో, బడి వదిలే వేళ పిల్లలు రోడ్డు ఏ పక్క నడుస్తారో జిల్లా కచేరీలో ఎవరికీ తెలియదు. పంచాయతీకి తెలుసు. పంచాయతీ అభిప్రాయానికి విలువ వున్నది ఇందుకే. ఆ అభిప్రాయాన్ని "అభ్యంతరం లేదు" అన్న ఒక్క ముక్కతోనో, "అభ్యంతరం కలదు" అన్న రెండు ముక్కలతోనో ముగించడం ఊరికీ, అర్జీదారునికీ అన్యాయమే. అమెరికాలో గ్యాస్ స్టేషన్లు నడుపుతున్న తెలుగువారిని అడిగితే, అక్కడ పట్టణ మండలి ముందు బహిరంగ విచారణ జరుగుతుందనీ, ఇరుగుపొరుగు లేచి మాట్లాడతారనీ, అవన్నీ రికార్డు అవుతాయనీ చెబుతారు. గ్రామసభ అనేది మన చట్టంలోనూ వున్నది. దానిని పిలిచేవారు వుండాలి, అంతే.

బంకు పక్కన అంగడి మాటకు వస్తే కిరాణా వర్తకులలో కొంత కలవరం సహజం. ఇది కొత్త పోకడ కూడా కాదు. ఇండియన్ ఆయిల్ కిసాన్ సేవా కేంద్రాల పేరుతో పల్లె బంకుల్లో ఎరువులు, విత్తనాలు, ఇంటి సరుకులు పెట్టించింది. భారత్ పెట్రోలియం 'ఇన్ అండ్ ఔట్' అంగళ్లు నగరాల్లో తెరిచింది. అమెరికాలో అయితే పెట్రోలులో సింహభాగం ఇటువంటి అంగళ్ల ముంగిటనే అమ్ముడవుతుంది. లాభం పెట్రోలు కంటే కాఫీ మీదే ఎక్కువంటారు. గోరంట్లలో బంకు అంగడి నీళ్ల సీసా, బిస్కట్టు, ఇంజను ఆయిలు డబ్బా, ఫ్యాను బెల్టు అమ్మగలదు. నెలసరి సరుకు పట్టీ, పండుగ ఖాతా, పెళ్లి సామాను దానివల్ల కాదు. లారీ డ్రైవరు పది నిమిషాల బేరం కోసం శెట్టిగారు నిద్ర పాడుచేసుకోనక్కరలేదు.

అంగడి విషయంలో చూడవలసింది వేరే వున్నది. పెట్రోలు జీఎస్టీ బయట వుండి వ్యాటు కడుతుంది. బిస్కట్టు జీఎస్టీ కడుతుంది. రెండు పద్దులూ ఒకే గల్లాలో కలిస్తే పన్నుల శాఖ నోటీసు ఖాయం. దానికంటే ముఖ్యం, టీ స్టవ్వు. లైసెన్సు ప్లానులో చూపని గదిగానీ, రేకుల పాకగానీ బంకు ఆవరణలో లేవరాదు. 23 డిగ్రీల లోపునే అంటుకునే ఆవిరి వదిలే సరుకు పెట్రోలు. మన ఎండాకాలం సంగతి తెలిసినవారికి ఇంకేమీ చెప్పనక్కరలేదు. బజ్జీల బండిని ట్యాంకర్ దింపే చోటికి జరుపుకునే పద్ధతిని పంచాయతీ ఆపగలదు. ఆ లైసెన్సు నిజంగా దాని చేతిలోనే వున్నది. అక్కడ మాత్రం ఎవరూ అభ్యంతరం రాయరు!

బంకు రాకపోతే ఏమవుతుందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. పల్లెల్లో అంగడి ముందు సీసాల్లో ఎర్రగా వేలాడే పెట్రోలు వస్తుంది. అమ్మకానికి కాకుండా సొంతానికైతేనే 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా పెట్రోలు వుంచుకోవచ్చునని 1934 చట్టం చెబుతున్నది; సీసా అమ్మకం దానికి విరుద్ధం. బంకులో అయిదు లీటర్ల కొలతతో ఎవరైనా సరిచూసుకోవచ్చు, 25 మిల్లీలీటర్లకు మించి తేడా వస్తే అడగవచ్చు. సీసా దగ్గర కొలతా లేదు, బిల్లూ లేదు. లైసెన్సు వున్న బంకును ఆరు నెలలు ఆపినవారు లైసెన్సు లేని యాభై సీసాలకు దారి వేసినవారవుతారు.

మరో ముప్పు సరిహద్దు అవతల వున్నది. కొడికొండ చెక్‌పోస్టు దాటితే బాగేపల్లి. 2025 ఏప్రిల్ పెంపు తర్వాత కూడా కర్ణాటకలో డీజిలుపై అమ్మకపు పన్ను 21.17 శాతం. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 22.25 శాతం వ్యాటు, దానిపై లీటరుకు నాలుగు రూపాయల అదనపు వ్యాటు, ఒక రూపాయి రోడ్డు సెస్సు. ఆ ఏడాది రెండు రాష్ట్రాల మధ్య తేడా లీటరుకు అయిదారు రూపాయలు. 300 లీటర్లు పట్టే లారీకి కనీసం 1500 రూపాయలు మిగులు. బెంగుళూరు వెళ్లివచ్చే లారీ గోరంట్లలో ఎందుకు పోయించుకుంటుంది? అందుచేత ఇక్కడి బంకుకు మిగిలే గిరాకీ ట్రాక్టర్లది, బోరు బండ్లది, ఆటోలది, మోటారు సైకిళ్లది. 2018 నవంబరులో ప్రభుత్వ రంగ కంపెనీలు అర లక్షకు పైగా కొత్త స్థలాలకు ప్రకటన ఇచ్చాయి. 2025 చివరికి దేశంలో బంకులు లక్ష దాటాయి. ఇన్ని బంకులుండగా సరిహద్దు మండలంలో కొత్త బంకు నిలవగలదా అన్నది అర్జీదారుడు తన డబ్బుతో తేల్చుకోవలసిన ప్రశ్న. కచేరీలు ఫైలును తొక్కిపెట్టి తేల్చవలసినది కాదు.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. కలెక్టరు కచేరీ అర్జీ అందిన వారంలో పంచాయతీకి ప్లాను పంపి, 30 రోజుల గడువు పెట్టాలి. పంచాయతీ గ్రామసభలో ప్లాను గోడకు అంటించి, దూరాలు టేపుతో కొలిపించి, బోర్ల గుర్తులు వేసి, కారణాలతో తీర్మానం పంపాలి. గడువులో పంపకపోతే, సర్టిఫికెట్ వచ్చాక స్థలం మీద కొత్త అభ్యంతరం ఎత్తే వీలు వుండరాదు. కట్టడ అనుమతి, అంగడి లైసెన్సు అదే తీర్మానంతో పాటు పరిశీలించాలి. వర్తక సంఘాలు కూడా పిటిషన్ మీద సంతకం చేసే ముందు అది బోరు కోసమా, బేరం కోసమా అని ఒకసారి అడగాలి.

ఈ ప్రాంతంలో క్యాలెండరు జూన్ పదునుతో మొదలవుతుంది. జనవరిలో అర్జీ పెడితే మూడు నెలల గడువు ఏప్రిల్‌తో తీరుతుంది. ట్యాంకులు పాతి, భద్రతా సంస్థ లైసెన్సు, పంపులకు తూనికలు కొలతల శాఖ ముద్ర తెచ్చుకోవడానికి మిగిలేది మే నెల ఒక్కటే. ఒక రిపోర్టు రెండు నెలలు ఆగితే ట్రాక్టర్లు పదునుకు పొలం ఎక్కి దిగిపోతాయి. ఆ డీజిలు హిందూపురంలోనో, సీసాల్లోనో కొని వుంటారు.