ఆ అరగంట ఎవరిది?

పోయిన వారం మా కాలేజీలో అధ్యాపకులకు ఒక శిక్షణ తరగతి పెట్టారు. హైటెక్ సిటీ నుంచి వచ్చిన ట్రైనర్ చక్కగా మాట్లాడాడు. రోజూ ఒక అరగంట క్యాలెండర్‌లో ఖాళీగా వదిలేయండి, అందులో ఏ పనీ పెట్టుకోకండి, కొత్త ఆలోచనలు అక్కడే పుడతాయి అన్నాడు. అందరం బుద్ధిగా రాసుకున్నాం. నా పక్కన కూర్చున్న గెస్ట్ లెక్చరర్ మాత్రం పెన్ను తియ్యలేదు. "నాకు పీరియడ్ లెక్కన పైసలు అన్నా. నేను ఖాళీగా ఉంటే నాకు కోత" అని నవ్వింది.

ట్రైనర్ చెప్పింది అబద్ధం కాదు. కానీ తన రోజు తన చేతిలో ఉన్నవాడికే అది సలహా. మిగతావాళ్లు ఎవరిని అడిగి వదలాలి ఆ అరగంట?

సాయంత్రం బాలానగర్‌లో మెట్రో దిగాను. స్టేషన్ పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ బాలానగర్. అక్కడి నుంచి నర్సాపూర్ చౌరస్తా వైపు వెళ్తే 2021 జులైలో తెరిచిన ఫ్లైఓవర్, దాని పేరు బాబూ జగ్జీవన్ రామ్. మనవాళ్ల పేర్లు పెట్టారని మురిసిపోయాం. ఏప్రిల్ వస్తే ఇద్దరికీ దండలు వేస్తాం. కానీ ఈ ఇద్దరూ ఢిల్లీలో ఒకరి తర్వాత ఒకరు కార్మిక శాఖ చూసినవాళ్లని మన సభల్లో ఎంతమంది చెప్తున్నారు? అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో ఆ శాఖ చూశారు. 1946 సవరణతో ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పని 48కి దిగింది. జగ్జీవన్ రామ్ మంత్రిగా ఉండగా 1948 ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. దాని 55వ సెక్షన్ చదవండి. అయిదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలి అని అందులో రాశారు.

ట్రైనర్ గారు మనకు దానం చేసిన అరగంట అప్పటికే చట్టంలో ఉంది! దాని వెనక సమ్మెలు చేసి లాఠీ దెబ్బలు తిన్న కార్మికులూ ఉన్నారు, అది మరవను.

మా నాన్న బాలానగర్‌లో ఒక షెడ్డులో లేత్ మిషన్ మీద పనిచేశాడు. చదువు మూడో తరగతితో ఆగిపోయింది. లంచ్ బెల్లు కొట్టగానే పది నిమిషాల్లో సద్ది తినేసి, మిగిలిన ఇరవై నిమిషాలు పాత పేపరు కూడబలుక్కుని చదివేవాడు. పక్క మిషన్ పెద్దాయన తప్పులు దిద్దేవాడు. నూనె మరకలతో ఆ పేపరు ఇంటికొచ్చేది, నేనూ అందులోనే చదవడం నేర్చుకున్నా. తర్వాత ఓనర్ పీస్ లెక్క పెట్టాడు. ఎన్ని జాబులు తీస్తే అన్ని పైసలు. బెల్లు కొట్టడం మానలేదు, మిషన్ ఆపేవాడే లేడు. ఎవరూ నాన్న చేతిలో పేపరు గుంజుకోలేదు. ఆయనే మానేశాడు.

ఖాళీ అంటే మనకు పాత భయం కూడా ఉంది. వెట్టి రోజుల్లో మన వాడలో ఒకడు ఖాళీగా కనబడితే గడి నుంచి కబురు వచ్చేది. పని బరువు ఒక్కటే కాదు, ఎప్పుడు పిలుస్తారో తెలియకపోవడం కూడా వెట్టే. అంబేద్కర్ 1928లో బొంబాయి కౌన్సిల్‌లో మహార్ వతన్ మీద బిల్లు పెట్టింది అందుకే, రేయింబవళ్లు సర్కారు పిలుపుకు కాచుకుని ఉండే బతుకు పోవాలని. ఇవాళ ఫ్లైఓవర్ నీడలో బండి మీద కూర్చుని ఆర్డర్ కోసం ఫోన్ చూస్తున్న తమ్ముడిది ఖాళీ సమయమా? పని లేదు, పైసలూ లేవు, లేచి ఇంటికీ పోలేడు. దాన్ని ఖాళీ అంటే నేనొప్పుకోను.

1945లో కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్లకు చేసిందేమిటని రాసిన పుస్తకంలో అంబేద్కర్ తీరిక గురించి గట్టిగా వాదించారు. తీరిక లేకుండా మనిషికి సంస్కృతి లేదు, ఆ తీరిక యంత్రం వల్లే వస్తుంది, దోషం యంత్రానిది కాదు, దాని ఫలం కొందరికే దక్కనిచ్చే సమాజానిది. సాహిత్యం చదువుకున్నవాడిగా నాకు ఇది ప్రాణమంత మాట. మన వాడల్లో కవులు ఎందుకు ఆలస్యంగా అచ్చులోకి వచ్చారో అడిగేవాళ్లు ముందు మన తాతల రోజు ఎలా గడిచిందో అడగాలి.

ఇప్పుడు గడియారం వెనక్కి తిప్పుతున్నారు. 2023లో నారాయణమూర్తి వారానికి 70 గంటలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ 90 అన్నారు, ఆదివారం కూడా పని చేయించలేకపోతున్నందుకు విచారపడ్డారు. అంబేద్కర్ పేరున్న ఆ స్టేషన్ కట్టింది ఆ సంస్థే! 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ కేబినెట్ రోజు పనిని 9 నుంచి 10 గంటలకు పెంచాలని, విరామం అయిదు గంటలకు కాక ఆరు గంటలకు ఇస్తే చాలని నిర్ణయించింది. జులైలో తెలంగాణ వాణిజ్య సంస్థల్లో 10 గంటలకు అనుమతిచ్చింది. వారానికి 48 దాటొద్దన్నారు కదా అంటారు కొందరు మిత్రులు. అన్నారు. కానీ చదువుకునే పిల్ల సాయంత్రం క్లాసుకు వచ్చేది రోజు లెక్కన, వారం లెక్కన కాదు.

మనల్నీ అనాలి. మా కాలేజీలో ఖాళీ పీరియడ్‌ని లీజర్ అంటాం. నా లీజర్లన్నీ ఫైళ్లకూ, ఉద్యమం ఫోన్లకూ పోతున్నాయి. గుమ్మం దగ్గర నిలబడ్డ విద్యార్థికి "రేపు రా" అని చెప్పీ చెప్పీ, రేపు రానివాళ్లను చూశాను. అందుకే మంగళవారం నాలుగో పీరియడ్‌లో ఏ డ్యూటీ వెయ్యొద్దని రాసిచ్చాను. ఆ టైంలో ఏం చేస్తారో రాయమన్నారు. "ఏమీ లేదు" అని రాశాను.

దానితోపాటు ఇంకో కాగితం తిరుగుతోంది. గెస్ట్ లెక్చరర్లకు రోజుకు ఒక లీజర్, దానికీ జీతం కావాలని. పదకొండు సంతకాలు పడ్డాయి. అందులో రెగ్యులర్ వాళ్లవి నాతో కలిపి మూడు.

జై భీమ్.