రంగుల బొమ్మ

ఈ సంవత్సరం రమజాను మాసంలో, తరావీహ్ నమాజు తరువాత చేసిన చిన్న ప్రసంగంలో మా వలన ఒక పొరపాటు జరిగింది. ఎవరో ఫోనుకు పంపిన మెదడు చిత్రం ఒకటి మా వద్ద ఉన్నది. నుదుటి వైపు భాగంలో ఎర్రని, పసుపుపచ్చని మచ్చలు వెలుగుతున్నాయి. సజ్దా చేస్తున్న వేళ మెదడు ఈ విధంగా ప్రకాశిస్తుందని దాని క్రింద వ్రాసి ఉన్నది. మేము ఆ మాటను సభకు వినిపించి, విజ్ఞానశాస్త్రం సైతం సాక్ష్యమిస్తున్నదని చెప్పాము. వినినవారు సంతోషించారు. మేమూ సంతోషించాము.

పండుగ వెళ్లిన పది రోజులకు మా పూర్వ విద్యార్థి ఒకరు కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చారు. ఆయన దర్జీ. అమ్మాయి భౌతికశాస్త్రంతో డిగ్రీ పూర్తిచేసింది.

“హజ్రత్, మెదడు ఫోటోలు తీసే చదువట. ఇంకో రెండేళ్లు. ఆ తరువాత ఏ ఆసుపత్రిలో ఉద్యోగమిస్తారో మీరే అడగండి” అన్నారాయన.

అడిగాము. అమ్మాయి దాపరికం లేకుండా చెప్పింది. స్కాను చూసి రోగం నిర్ణయించేది రేడియాలజీ వైద్యులు, దానికి ఎం.బి.బి.ఎస్. చదివి ఉండాలి. యంత్రాన్ని నడిపేది టెక్నీషియన్లు. వారి కోర్సులు వేరు. తాను కోరుతున్నది నాడీ, జ్ఞాన శాస్త్రాలలో ఎం.ఎస్సీ.; హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో దానికొక కేంద్రమున్నది. అక్కడ చదివినవారు ఎక్కువగా పరిశోధన వైపు వెళతారు.

“అంటే డాక్టరు కాదన్నమాట” అన్నారు తండ్రి నిరాశగా. (మన ఇళ్లలో ఈ మాట ఎన్ని చదువులను గడప దాటనీయలేదో!)

అమ్మాయి కాసేపు తటపటాయించి, “మౌలానా సాబ్, ఆ రోజు మీ ప్రసంగం మేము పైన స్త్రీల భాగంలో విన్నాము. ఆ యంత్రంలో మనిషి వెల్లకిలా పడుకొని ఉండాలి. తల కొద్ది మిల్లీమీటర్లు కదిలినా చిత్రం చెడిపోతుంది. సజ్దా ఎలా చేస్తారండీ?” అన్నది.

తండ్రి ఆమెను వారించబోయారు. మేము ఆయనను వారించాము.

ఆపైన ఆమె చెప్పినది మా బుద్ధికి అందినంత వరకు వ్రాస్తున్నాము. ఆ చిత్రంలో ఆలోచన కనబడదు. మెదడులో ఒకచోట పని పెరిగితే అక్కడికి ఆక్సిజన్ గల రక్తం అధికంగా చేరుతుంది. ఆక్సిజన్ ఉన్న రక్తానికీ లేని రక్తానికీ అయస్కాంత గుణంలో భేదమున్నది. ఆ భేదాన్ని కొలిచే మార్గాన్ని జపానులో జన్మించిన సెయిజీ ఒగావా 1990లో చూపారు. మార్పు బహు స్వల్పం. అదీ కొన్ని సెకన్లు ఆలస్యంగా కనిపిస్తుంది. రంగులు మెదడులో లేవు, లెక్క కట్టినవారు వేసినవి. మెదడును లక్ష చిన్న ఘనాలుగా విభజించి ఒక్కొక్కదానిని పరీక్షించారనుకుందాము. నూటికి 5 పొరపాట్లు పరవాలేదనుకుంటే, ఏ కారణమూ లేకుండానే 5,000 ఘనాలు వెలుగుతాయి.

దీనికామె చెప్పిన దృష్టాంతం మరపురానిది. 2009లో అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్, ఆయన సహచరులు ఒక చచ్చిన సాల్మన్ చేపను ఎం.ఆర్.ఐ. యంత్రంలో ఉంచి, మనుషుల ఫోటోలు చూపి, వారి మనోభావాలేమిటని ప్రశ్నించారు. పొరపాట్లను సరిదిద్దే లెక్క చేయకుండా చూస్తే చేప మెదడులో ఒకచోట వెలుగు కనిపించింది! సరిదిద్దాక మాయమైంది. తోటి శాస్త్రజ్ఞులను హెచ్చరించడానికే వారు ఈ పని చేశారు.

హదీసు విద్యార్థులకు మేము ముప్పది ఏండ్లుగా ఏమి బోధిస్తున్నాము? మాట ఎంత అందంగా ఉన్నా, చెప్పినవాడెవడు, అతడికి చెప్పినదెవరు అని అడగమనే కదా! ఆ ఒక్క చిత్రం విషయంలో మాత్రం అడగలేదు. మనకు నచ్చిన మాట కావడమే కారణం.

ఇక తండ్రిగారి ప్రశ్న మిగిలి ఉన్నది. అమ్మాయి మరొక సంగతి చెప్పింది. వేర్వేరు మెదళ్లను పోల్చడానికి ఒక ప్రమాణ పటం కావాలి. 1988లో ఫ్రాన్సుకు చెందిన తలైరాక్ తన సహచరునితో కలిసి ప్రచురించిన పటానికి ఆధారం 60 ఏళ్ల స్త్రీ ఒకరి మెదడు మాత్రమే. తరువాత కెనడాలోని మాంట్రియల్‌లో 152 మంది స్కానులతో మరొకటి చేశారు. భారతీయుల కొలతలు వాటితో సరిపోలవని, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 100 మంది భారతీయుల స్కానులతో 2019లో ఒక పటాన్ని వెలువరించారు. అటువంటి పని తనకు ఇష్టమన్నది. జీతమెంతని తండ్రి అడిగితే, “మొదట్లో ఎక్కువ ఉండదు అబ్బా” అన్నది.

మేము ఆయనకు ఏ భరోసా ఇవ్వలేకపోయాము. అమ్మాయి అబద్ధం చెప్పడం లేదని మాత్రమే చెప్పాము. ఆయన చాలాసేపు మౌనంగా కూర్చుని, హాస్టలు ఖర్చు ఎంతవుతుందని ఆమెనే అడిగారు.

ఆ వారం జుమా నాడు, రమజానులో మేము చెప్పిన మెదడు చిత్రం సంగతికి ఆధారం లేదని, దానిని ఇతరులకు పంపినవారు ఉపసంహరించుకోవాలని ప్రకటించాము. నమాజు విధి కావడానికి ఆ చిత్రం అవసరమూ లేదు. కొందరు పెద్దలకు ఇది నచ్చలేదు. చెప్పకుండా ఊరుకున్నా సరిపోయేదని ఒకరు ఇంటికి వచ్చి మరీ అన్నారు.

అమ్మాయి ఇప్పుడు మొదటి సంవత్సరంలో ఉన్నది. మొన్న మసీదు వద్ద దర్జీగారు కనబడి, “ఇంకా మెషీను చూపించనే లేదట హజ్రత్, రాత్రింబవళ్లు లెక్కలే చేయిస్తున్నారట” అని ఫిర్యాదు చేశారు.