పెచ్చు ఎవరి పేర?

సమాసాలమీద రాస్తున్న వరుసకు ఈ వారం విరామం. కారణం కోపం. పండితుడికి కోపం వస్తే పద్యం రాయాలంటారు గాని, ఈ కోపానికి గణాలు కుదరలేదు. వచనంతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

మా వీధి పార్కులో సాయంకాలం చేరే విశ్రాంత ఉద్యోగుల గోష్ఠిలో ఒక న్యాయశాస్త్రం చిరకాలంగా ప్రచారంలో ఉన్నది. దానికి భాష్యకారులు అనేకులు. మూలం చదివినవారు మాత్రం కానరారు. సూత్రాలు నాలుగు. అద్దె ఒప్పందం పదకొండు నెలలకు మించి రాయరాదు. అందులో ‘ఏ ప్రమాదం జరిగినా యజమానికి సంబంధం లేదు’ అన్న వాక్యం ఉండి తీరాలి. అద్దెకు రసీదు ఇవ్వరాదు. వ్యాజ్యం వాసన తగిలిన మరునాడే ఇంటిని భార్య పేర దానపత్రం రాసి రిజిస్టరు చేయించాలి. ఈ నాలుగూ పాటించిన గృహస్థు గుండెమీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చునట.

మొన్న ఒక పెద్దమనిషి ఈ నాలుగో సూత్రాన్నే, కొత్తగా పదవీవిరమణ చేసి రెండు వాటాల ఇల్లు అద్దెకిచ్చుకున్న ఒక అమాయకుడికి ఉపదేశిస్తుంటే విని ఊరుకోలేకపోయాను. ఊరుకోలేకపోవడానికి నాకు అధికారం ఉన్నది. ఆ ఉపదేశం ఒకప్పుడు నేనూ పుచ్చుకున్నాను గనుక.

మా ఇల్లు 1988లో కట్టినది. కింద మేము, పైన అద్దెకున్నవారు. సముద్రపుగాలి తగిలే ఊళ్ళో సజ్జల లోపలి ఇనుపచువ్వకు తుప్పు పట్టడం ఎంత సహజమో, తుప్పుపట్టిన చువ్వ ఉబ్బి పైనున్న సిమెంటును పెచ్చులుగా తోసివేయడం అంత సహజం. పైవాటా ఆయన నాకు రెండుసార్లు చెప్పాడు. “మాస్టారూ, మెట్లపక్క సజ్జ పెచ్చు ఊగుతోందండీ” అని. “చూద్దాంలే నాయనా, పండగ వెళ్ళనీ” అన్నాను. పండగ వెళ్ళింది. పెచ్చు ఊడింది. మెట్లు దిగుతున్న వాళ్ళ పిల్ల భుజంమీద పడింది. ఎముక విరిగింది. అది తలమీద పడి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ కొన్ని రాత్రులు ఆలోచనకు వస్తుంది.

ఆ సాయంత్రమే న్యాయస్థానాల పరిసరాల్లో జీవితం గడిపిన ఒక మిత్రుడు వచ్చాడు. పిల్ల ఎట్లా ఉందని అడగలేదు. “మాస్టారూ, నోటీసు రాకముందే ఇల్లు అమ్మగారి పేర మార్చెయ్యండి. రేపే లేఖరిని పంపిస్తాను” అన్నాడు. సిగ్గువిడిచి చెబుతున్నాను, మరునాడు దానపత్రం చిత్తు రాయించాను కూడా. చదివి వినిపిస్తే మా ఆవిడ కళ్ళజోడు తీసి ఒక్కటే మాట అన్నది: “అయితే ఏమండీ, ఈసారి పెచ్చు ఊడితే ఆసుపత్రికి నన్ను పరుగెత్తమంటారా?”

ముప్పై యేళ్ళు తత్పురుషకూ బహువ్రీహికీ భేదం చెప్పినవాణ్ణి, ఇంత చిన్న భేదం నాకు తట్టలేదు. ఇంటి యాజమాన్యం వేరు, జరిగిన హానికి బాధ్యత వేరు. దానపత్రంతో మారేది మొదటిది మాత్రమే. పెచ్చు ఊడిన నాడు ఇంటిని తన ఆధీనంలో ఉంచుకుని, హెచ్చరిక విని, బాగుచేయించని వాడెవడో వాడిదే అజాగ్రత్త. మరునాడు ఇల్లు ఎవరి పేర రాసినా ఆ అజాగ్రత్త దస్తావేజులోకి ఎక్కి వెళ్ళిపోదు. దావా నామీదనే వస్తుంది. వెళ్ళిపోయేది నా ఇల్లు మాత్రమే.

పోనీ, డిక్రీ అమలుకైనా ఇల్లు చిక్కకుండా ఉంటుందా? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షను సరిగ్గా ఈ మహానుభావులను ఉద్దేశించి రాసినట్లుంటుంది. ఋణదాతలను ఓడించడానికో, జాప్యం చేయడానికో ఉద్దేశించి చేసిన స్థిరాస్తి బదిలీ, అట్లా నష్టపోయిన ఋణదాత కోరితే చెల్లదు. మంచి మనసుతో, ప్రతిఫలమిచ్చి కొన్నవాడికి అందులో రక్షణ ఉన్నది. దానం పుచ్చుకున్న భార్య ఏ ప్రతిఫలం ఇచ్చింది? అంతేకాదు, ప్రతివాది ఆస్తిని చేయి దాటించబోతున్నాడని తోస్తే తీర్పుకు ముందే జప్తు చేసే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడు 38వ ఆర్డరు న్యాయస్థానానికి ఇస్తున్నది. ప్రమాదం జరిగిన వారానికి రాసిన దానపత్రం తేదీయే సాక్షి. వేరే సాక్షిని పిలవనక్కరలేదు.

పన్ను భారమైనా తప్పుతుందా అంటే అదీ లేదు. భార్యకు ఉచితంగా రాసిచ్చిన ఇంటి అద్దెను ఆదాయపన్ను చట్టం భర్త ఆదాయంగానే లెక్కిస్తుంది. స్టాంపు సుంకం మాత్రం నికరంగా పోతుంది. ఇక కొడుకు పేర రాసినవారి సంగతి చెప్పాలంటే ప్రత్యేక టపా కావాలి. తనను చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చి, చూసుకోకపోతే రద్దు కోరే దారిని 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షను తెరిచింది. అప్పులవాడినుంచి దాచిన ఇంటిని కన్నకొడుకునుంచి తిరిగి అడుక్కోవడానికి ట్రిబ్యునలు మెట్లెక్కే తండ్రిని ఊహించుకోండి. ఇందులో ఆస్తిరక్షణ ఏపాటిది?

ఒక విచిత్రం. నా పింఛనును అప్పుకు జప్తు చేయరాదని అదే ప్రొసీజర్ కోడు 60వ సెక్షను చెబుతున్నది. ముసలివాడి అన్నానికి చట్టమే అడ్డు నిలబడింది, నేను అడక్కుండానే. మేడకు మాత్రం అట్లా నిలబడలేదు. రెండింటికీ మధ్య గీత ఎక్కడ గీయాలో చట్టానికి తెలుసు. మా పార్కు గోష్ఠికి తెలియదు.

ఇంటి గోడ కూలితే యజమాని బాధ్యత ఎంత అనే ప్రశ్న మన దేశంలో కొత్తది కాదు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో పురభవనం ఎదుట ఉన్న గడియారపు గోపురం కూలి మనుషులు చనిపోయిన వ్యాజ్యంలో 1966లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ గోపురం వయస్సు సుమారు 80 ఏళ్ళు. అందులో వాడిన అడుసును బట్టి చూస్తే కట్టడపు ఆయుర్దాయం 40, 45 ఏళ్ళే. లోపం పైకి కనబడలేదన్న వాదనను న్యాయస్థానం అంగీకరించలేదు. దారి పక్కన కట్టడం ఉన్నవాడు దానిని పరీక్షించుకుంటూ ఉండాలి. కనబడే లోపమా కనబడని లోపమా అన్నది అక్కడ తప్పించుకునే దారి కాదు. అక్కడ యజమాని పురపాలక సంస్థ. దానికి భార్య లేదు గనుక దానపత్రం ఆలోచన రాలేదు కాబోలు.

ఒప్పందంలోని ఆ బ్రహ్మవాక్యం సంగతి. ‘ఏ ప్రమాదానికీ యజమానికి సంబంధం లేదు’ అని అద్దెకున్నవాడు సంతకం చేశాడే అనుకుందాం. పాలబ్బాయి చేశాడా? ఉత్తరం తెచ్చినవాడు చేశాడా? ఆ పిల్ల చేసిందా? ఒడంబడికలో చేరనివాడిని ఒడంబడిక కట్టిపడవేయదు. అజాగ్రత్తవల్ల ప్రాణం పోతే అది ఇద్దరి మధ్య వ్యవహారం కానే కాదు, నేరం. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద అయిదేళ్ళదాకా శిక్ష ఉన్నది. పాత శిక్షాస్మృతిలో రెండేళ్ళే ఉండేది. ఆ కటకటాలకు కావలసింది మనిషి. పట్టా ఎవరి పేర ఉన్నదో కాదు.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి, ఎందుకంటే మా గోష్ఠిలో దీనిని ఎవరూ బాధ్యతగా లెక్కించనే లెక్కించరు. సెప్టిక్ ట్యాంకు నిండగానే ఇంటాయన వీధి చివరినుంచి ఇద్దరిని పిలుచుకువచ్చి, మూత తీయించి, లోపలికి దింపుతాడు. వారికి ముసుగు లేదు, తాడు లేదు. 2013 నాటి చట్టం ప్రకారం రక్షణసామగ్రి లేకుండా మనిషిని అట్లా దింపడం నేరం. మొదటి తప్పుకే రెండేళ్ళదాకా కారాగారం, లేదా రెండు లక్షలదాకా జరిమానా, లేదా రెండూ. మురుగుకాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారం 10 లక్షలుగా 2014లో నిర్ణయించిన సుప్రీంకోర్టు, 2023లో దానిని 30 లక్షలకు పెంచమన్నది. యంత్రం ఉన్న బండిని పిలిస్తే అయ్యే ఖర్చు ఒక నెల అద్దెకు మించదు. ఆ ఖర్చు మిగుల్చుకుని, అదే ఇంటిని వ్యాజ్యాలనుంచి కాపాడుకోవడానికి లేఖరికి వేలు పోసేవాణ్ణి ఏమనాలో శబ్దరత్నాకరం ఎన్నిసార్లు తిరగేసినా నాకు దొరకలేదు.

పదకొండు నెలల మంత్రం మిగతావాటికంటె అమాయకమైనది. ఏడాదికి మించిన కౌలుకు రిజిస్ట్రేషను తప్పనిసరి అని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షను చెప్పడంవల్ల పుట్టిన ఉపాయం అది. రిజిస్ట్రేషను చట్టానికి రాష్ట్రాలు చేసుకున్న సవరణలు చూడకుండా దానిని అన్నిచోట్లా పఠించడం ఒక పొరపాటు. అది ఖర్చు తగ్గించే ఉపాయమే తప్ప రక్షణ కాదని తెలియకపోవడం మరొకటి. పదకొండు నెలలు గడిచాక మీరు అద్దె పుచ్చుకుంటూ ఉంటే 116వ సెక్షను ప్రకారం కౌలు కొనసాగుతున్నట్లే. నివాసపు ఇల్లయితే, వేరే ఒడంబడిక లేనప్పుడు, పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు. పన్నెండేళ్ళుంటే ఇల్లు వాడిదైపోతుందన్న భయం కూడా ఇట్లాంటిదే. మీ అనుమతితో, మీకు అద్దె చెల్లిస్తూ ఉన్నవాడి స్వాధీనం ప్రతికూల స్వాధీనం కాదు. వాడు అద్దెదారుడని నిరూపించుకోవలసిన బాధ్యత మాత్రం మీది. ఎట్లా నిరూపిస్తారు? రసీదులతో. అవి ఇవ్వరాదనే గదా మీ మూడో సూత్రం!

నిజానికి నన్ను ఎక్కువ మండించేది ఈ మూడోదే. రసీదు ఇవ్వకపోతే ‘ఆధారం ఉండదు’ అంటారు. ఎవరికి ఉండదు? అద్దె ఎగవేసినవాణ్ణి ఖాళీ చేయించాలన్నా, ఇంకొకడికి వాటా అప్పగించి తాను వెళ్ళిపోయినవాణ్ణి పట్టుకోవాలన్నా, నష్టపోయే పక్షం మీదే. మోసగాళ్ళయిన అద్దెదారులు లేరని నేననను. మా బంధువులలో ఒకరు వాటా ఖాళీ చేయించడానికి ఎనిమిదేళ్ళు కోర్టు చుట్టూ తిరిగారు. ఆయన చేతిలో కాగితం లేకపోవడమే దానికి సగం కారణం. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం లిఖిత ఒప్పందం ఉండాలన్నది, నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదన్నది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమలు. కాని ఆ దారిన నడవడానికి ఎవరి ఆజ్ఞ కావాలి?

అమెరికాలో ఉన్న పిల్లలు ఈ మధ్య మరొక కవచం చూపుతున్నారు. అక్కడ అద్దెకిచ్చే ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క ఎల్ఎల్‌సీ పెట్టుకుంటే ఒక ఇంటిమీది దావా మరొక ఇంటిని తాకదట. వయోమింగ్ రాష్ట్రం 1977లో మొదలుపెట్టిన పద్ధతి అది. నేను దానిని నిందించను. అయితే అది సంస్థ అప్పునుంచి సభ్యుణ్ణి కాపాడుతుంది గాని, సభ్యుడు స్వయంగా చేసిన అజాగ్రత్తనుంచి కాపాడదు. సంస్థ డబ్బూ ఇంటి డబ్బూ ఒకే సంచిలో కలిపితే న్యాయస్థానం ఆ తెర తీసి చూడవచ్చు కూడా. తెలివైనవారు అక్కడ ముందు బీమా తీసుకుంటారు, ఆ తరువాతే సంస్థ. మన దగ్గర 2021 నుంచి ‘భారత్ గృహ రక్ష’ పేర బీమా ఉన్నది. అగ్నికి, తుపానుకు, వరదకు, భూకంపానికి ఇంటిని కాపాడుతుంది. మన ఇంటివల్ల ఇతరులకు జరిగే హానికి పరిహారం కావాలంటే ఆ రక్షణ వేరుగా అడిగి తీసుకోవాలి. అడిగినవారిని మా గోష్ఠిలో నేను ఒక్కరినీ చూడలేదు.

108వ సెక్షనులో ఒక చక్కని ఏర్పాటు ఉన్నది. యజమాని చేయించవలసిన మరమ్మతును, నోటీసు ఇచ్చినా, తగిన వ్యవధిలో చేయించకపోతే అద్దెకున్నవాడే చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. ఆ తండ్రికి ఇది తెలిసి ఉంటే పెచ్చు పడేది కాదు. తెలియజెప్పవలసినవాణ్ణి నేనే. అందుకే ఇప్పుడు మా ఒప్పందంలో ఆ వాక్యం తెలుగులో రాయించాను, పాత బ్రహ్మవాక్యం ఉన్నచోటనే.

ఆ తండ్రి దావా వేయలేదు. ఆసుపత్రి ఖర్చు ఇచ్చాను. పుచ్చుకోవడానికి ఇబ్బంది పడ్డాడు, అది నాకు మరింత కష్టంగా తోచింది. సజ్జలన్నీ కొట్టించి, చువ్వలు తోమించి, మళ్ళీ పూత వేయించాను. మేస్త్రీకి అయినది లేఖరి చెప్పిన మొత్తానికి మూడోవంతు. ఆ కుటుంబం రెండేళ్ళ క్రితం సొంత ఇంటికి వెళ్ళింది. గృహప్రవేశానికి పిలిస్తే వెళ్ళాను. ఆయన మేడమీదికి తీసుకువెళ్ళి అన్నిటికంటె ముందు పిట్టగోడ చూపించాడు. మామూలుకంటె ఒక జానెడు ఎత్తు కట్టించాడు.