బకాయిల సంగతి ఎవరు అడగాలి?

ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. అంతకుముందు పేదవాడికి గుండె ఆపరేషన్ అంటే ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరంతో ముఖ్యమంత్రి సహాయనిధి చుట్టూ తిరగడమే. ఆ తిరుగుడును కార్డు చాలావరకు తప్పించింది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం చికిత్స పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. సంతోషమే! కానీ బకాయిలు అందలేదంటూ 2025లో తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రైవేటు ఆసుపత్రులు ఈ సేవలు ఆపేశాయి. ఆసుపత్రి గుమ్మంలోనే ఆపేస్తే పరిమితి ఎంతైతేనేం?

మనం ఇప్పటికీ ఎమ్మెల్యే ఇంటికి వెళతాం, మన రోగి కోసం, ఒక్క ఉత్తరం కోసం. అది తప్పని అనలేం. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరైనా అదే చేస్తారు. అయితే ఇంట్లో జబ్బు లేని రోజున కూడా వెళ్లాలి. మొహల్లా పెద్దలు సంతకాలతో వెళ్లి, మన జిల్లా ఆసుపత్రులకు బాకీ ఎంత, ఎప్పటికి తీరుస్తారో శాసనసభలో ప్రశ్న వేయమని అడగాలి. సభలో మంత్రి ఇచ్చే జవాబు రికార్డులో ఉంటుంది.