సభలో హోరు

ఎర్రమంజిల్ మెట్రో స్టేషను నుండి పంజగుట్ట వైపు సాగే మార్గంలో నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నది. 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నియమావళి ఆసుపత్రుల చుట్టూ కనీసం నూరు మీటర్ల మేర నిశ్శబ్ద మండలాన్ని ఉద్దేశించింది. అట్టి మండలంలో శబ్దం పగలు 50, రాత్రి 40 డెసిబెల్‌లకు మించరాదు. ఆ రోడ్డుమీద ఒక్క నిమిషం నిలబడినవారికి ఈ అంకెలు ఏ లోకానివో అనిపించక మానదు. అయినా రోడ్డు సంగతి పదిమందీ మాట్లాడుకుంటున్నదే. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసు కమిషనరు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించారు కూడా. ఎవరి నోటా రానిది సంగీతసభ సంగతి. చెవులు అప్పగించి వినడానికని వెళ్లినచోట ఆ చెవులకే రక్షణ కరవయింది.

పై నియమావళి సభాభవనానికి ఏమి చెబుతున్నదో చూడండి. లౌడ్‌స్పీకరు శబ్దాన్ని అది కొలవమన్నది ఆవరణ సరిహద్దు వద్ద. అక్కడ 75 డెసిబెల్‌లు దాటరాదు. రాత్రి పదిగంటల నిషేధం నుండి తలుపులు మూసిన సభాభవనాలకు మినహాయింపు ఉన్నది. పొరుగువాని నిద్రకు పూచీపడిన చట్టం లోపల కూర్చున్న శ్రోతను గాయకుని దయకు, అంతకన్న మైకు నడిపేవాని దయకు వదిలివేసింది.

ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన ఫక్రుల్ ముల్క్ నవాబు ప్రాసాదం 19వ శతాబ్దపు కట్టడం. నాటికి మైకు లేదు. గోడలు, పైకప్పు ఎంత మోసుకుపోతే అంత దూరమే పాట వినబడేది. (దాన్ని పడగొట్టి శాసనసభా భవనం కట్టాలన్న ప్రయత్నాన్ని 2019లో హైకోర్టు అడ్డుకున్నది గనుక ఆ గోడలు ఇంకా మిగిలి ఉన్నవి.) చివరి వరుసకు వినబడాలంటే గాయకుడు హెచ్చు శ్రుతిలో గొంతెత్తి పాడవలసి వచ్చేది. ఆ శ్రమను మైకు దించింది. ఎం.డి. రామనాథన్ వంటి మంద్రస్థాయి గాయకుని నిండుసభ వినగలిగిందంటే అది మైకు పుణ్యమే. మీటిన నాదం క్షణంలో ఆరిపోయే మామూలు మాండలిన్‌పై గమకం నిలవదు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌పై దానిని నిలిపి చూపాడు. కనుక విద్యుత్తును నిందించి లాభం లేదు.

మరి చేటు ఎక్కడ మొదలైనది? నా దృష్టిలో వేదికమీదనే. తమ సంగీతం తమకు వినబడడానికి విద్వాంసుల ముందు చిన్న స్పీకర్లు పెడతారు. సభలో హోరు పెరిగేసరికి గాయకునికి తన గొంతు అందదు. పెంచమని సైగ చేస్తాడు. పెంచగానే వయొలిన్ మునిగిపోతుంది. ఆయనా సైగ చేస్తాడు. తరువాత మృదంగం వంతు. ఇందులో ఎవరి దురాశా లేదు. హోరులో గొంతు హెచ్చించడం మనిషికి స్వభావసిద్ధమని 1911లోనే లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు గుర్తించాడు. కాని తని ఆవర్తనం వచ్చేవేళకు మృదంగపు ఎడమ ముఖం పలికే గుంకారం లారీ టైరు పేలినట్లు ఛాతీకి తగులుతుంది. తంబుర ఉన్నదో లేదో తెలియదు. రాగానికి ప్రాణమైన అనుస్వరాలు మొట్టమొదట నశిస్తాయి.

పాశ్చాత్యుల ఆర్కెస్ట్రాలో ఎనభైమంది, నూరుమంది వాద్యకారులు మైకు లేకుండానే సభను నింపుతారు. మన పెళ్లి పందిళ్లలో ఆర్కెస్ట్రా అన్న మాటకు అర్థం వేరు. నలుగురైదుగురు వాయిస్తారు, తక్కిన తొంభైమంది పని స్పీకరు పెట్టెలు చేస్తాయి. పక్కనున్న వియ్యంకుని పలకరించడానికి చెవిలో అరవవలసిందే.

డెసిబెల్ లెక్క పిల్లలకు విప్పి చెప్పవలసినది. పది పెరిగితే శబ్దశక్తి పదిరెట్లవుతుంది. చెవికి మాత్రం రెండింతలుగానే తోస్తుంది. మోసమంతా ఇక్కడే ఉన్నది. పనిచేసేచోట 85 డెసిబెల్‌లను ఎనిమిది గంటలు భరించవచ్చునని, ఆపైన ప్రతి మూడింటికీ ఆ కాలం సగమవుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. అనగా నూరు డెసిబెల్‌ల వద్ద మిగిలేది పావుగంట! వినోద సభలలో ఏ పావుగంట సగటు తీసినా నూరు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. ఇది చాలా ఉదారమైన హద్దని నా అభిప్రాయం. లోపలి చెవిలో నాదాన్ని పట్టే సూక్ష్మ రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మనిషికి తిరిగి మొలవవు.

పాఠశాల వార్షికోత్సవాలలో చిన్న తరగతుల పిల్లలను అందరికన్న ముందు, నేలమీద కూర్చోబెట్టడం మన ఆచారం. స్పీకరు పెట్టెలు నిలిపేదీ అక్కడే. భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు ఆనాడు విద్యార్థుల చేత సెల్‌ఫోనులోని శబ్దమాపకంతో మొదటి వరుసలోనూ, చివరి వరుసలోనూ కొలత తీయించి పలకమీద వ్రాయించవచ్చు. ఆ కొలత ఉజ్జాయింపే అయినా తేడా తెలుస్తుంది. ఆరుబయట స్పీకరు నుండి దూరం రెట్టింపయినప్పుడల్లా సుమారు ఆరు డెసిబెల్‌లు తగ్గుతాయి. పిల్లలను నాలుగు బారలు వెనక్కు జరపడానికి కమిటీ తీర్మానం అక్కరలేదు.