మెలిక విప్పాలి, అండాశయాన్ని నిలపాలి

రాయచూరు జిల్లాలో మాన్వి నుంచి సింధనూరు వెళ్లే దారిలో ఉంది పోతనాళ. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లను నమ్ముకుని ఆంధ్ర నుంచి తరలివచ్చిన రైతు కుటుంబాల క్యాంపులు ఈ మాగాణి పొడవునా ఉన్నాయి. ఇలాంటి చోట ఒక ఆడపిల్లకు అర్ధరాత్రి పొత్తికడుపులో ఒక పక్క ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చి, వాంతులు మొదలైతే ఏం జరుగుతుంది? ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుంటారు, లేదా నెలసరి నొప్పి అని సర్దిచెబుతారు. తెల్లారాక ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ వేస్తే కాస్త తగ్గుతుంది. మళ్లీ వస్తుంది. మాన్విలోనో సింధనూరులోనో స్కానింగ్ తీయించి, చివరికి రాయచూరు చేరేసరికి ఒకటి రెండు రోజులు గడిచిపోతాయి. ఆ నొప్పికి కారణం అండాశయం మెలిపడటమే అయితే, పోయిన ప్రతి గంటా ఆ అవయవం ఆయుష్షులోంచి పోయినట్టే.

అండాశయం కటి ఎముకల మధ్య కొన్ని బంధనాలకు వేలాడుతూ ఉంటుంది. దానికి రక్తాన్ని తెచ్చే నాళాలు వాటి గుండానే వస్తాయి. అండాశయం, చాలాసార్లు దానితోపాటు అండవాహిక కూడా, ఆ బంధనాల చుట్టూ తిరిగిపోతే ముందు సిరలు మూసుకుంటాయి. లోపలికి వచ్చిన రక్తం బయటికి పోలేక అండాశయం ఉబ్బి నల్లబడుతుంది. ధమని మూసుకోవడం ఆ తర్వాతి దశ. పెద్దవాళ్లలో ఎక్కువగా 5 సెంటీమీటర్లు దాటిన నీటిబుడగో గడ్డో దీనికి కారణమవుతుంది. గర్భిణులకూ, సంతానం కోసం అండాలు పెరిగే ఇంజెక్షన్లు తీసుకునేవారికీ ప్రమాదం ఎక్కువ. చిన్నపిల్లల్లో మాత్రం ఏ గడ్డా లేని మామూలు అండాశయం కూడా మెలిపడుతుంది. ఎడమవైపు పెద్దపేగు చోటు ఆక్రమించి ఉంటుంది కాబట్టి కుడివైపే ఇది ఎక్కువ. అందుకే దీన్ని అపెండిసైటిస్ అని పొరబడటమూ ఎక్కువే.

అండాశయం చేజారే చోట్లు మూడు: ఇల్లు, స్కానింగ్ గది, ఆపరేషన్ బల్ల. మొదటిదాన్ని సరిదిద్దడానికి దూరాలు తగ్గాలి, రాత్రివేళ అంబులెన్స్ అందాలి, ఆడపిల్ల నొప్పిని ఇల్లు నమ్మాలి. దానికి కాలం పడుతుంది. మిగిలిన రెండూ కొత్త భవనాలూ కొత్త నిధులూ లేకుండానే రేపటి నుంచి సరిచేయగలిగినవి.

ముందు స్కానింగ్ గది. కలర్ డాప్లర్‌లో రక్తప్రసరణ కనిపిస్తే మెలిక లేదని రిపోర్టు రాసి ఇంటికి పంపేయడం పెద్ద పొరపాటు. అండాశయానికి రెండు దారుల్లో రక్తం అందుతుంది. మెలిక పూర్తిగా బిగుసుకోకపోయినా, మధ్యమధ్య విడిపోతున్నా ప్రవాహం కనిపిస్తూనే ఉంటుంది. రెండో పక్కదానికంటే బాగా ఉబ్బిన అండాశయం, అంచులకు నెట్టుకుపోయిన చిన్న చిన్న బుడగలు, సుడిలా చుట్టుకున్న నాళాలు ఎక్కువ చెబుతాయి. అన్నిటికంటే ఎక్కువ చెప్పేది రోగి నొప్పి తీరు. ఉన్నట్టుండి మొదలై, వస్తూ పోతూ, వాంతులతో కూడిన ఒక పక్క నొప్పిని స్కానింగ్ రిపోర్టు ఒక్కటీ కొట్టివేయలేదు. మెలిక ఉందో లేదో కచ్చితంగా తేలేది కడుపు లోపలికి చూసినప్పుడే. నొప్పికి మందు ఇవ్వడం తప్పు కాదు, ఇచ్చి తీరాలి. మందుతో తగ్గింది కదా అని ఇంటికి పంపడమే తప్పు.

ఇక ఆపరేషన్ బల్ల. నల్లగా, నీలంగా మారిన అండాశయం చచ్చిపోయిందనుకుని తీసేయడం చాలాకాలం పద్ధతిగా సాగింది. మెలిక విప్పితే లోపల గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరుతుందని భయపడేవారు. ఆ భయానికి ఆధారం లేదని అనుభవం తేల్చింది. మెలిక విప్పి వదిలేసిన నల్లటి అండాశయాల్లో అత్యధికం కొన్ని వారాల్లో కోలుకుని మళ్లీ అండాలను పెంచుతున్నాయి. అమెరికా ప్రసూతి, స్త్రీవ్యాధి నిపుణుల కళాశాల 2019లో కౌమార బాలికల విషయంలో ఇచ్చిన మార్గదర్శకాల్లో, అండాశయం ఎలా కనిపించినా సరే మెలిక విప్పి దాన్ని కాపాడాలని సూచించింది. ముట్టుకుంటే విడిపోయేంతగా కుళ్లినప్పుడే తీయడం తప్పనిసరి.

క్యాన్సర్ గడ్డ అయితే ఎలా అన్న ప్రశ్న న్యాయమైనదే. బహిష్టులు ఆగిన స్త్రీలలో ఆ అనుమానం బలమైనది కాబట్టి అక్కడ తీసేయడమే సాధారణంగా సరైన నిర్ణయం. బాలికల్లో, యువతుల్లో మెలిపడిన అండాశయంలో క్యాన్సర్ అరుదు. అనుమానం ఉంటే వాపు తగ్గాక మళ్లీ స్కానింగ్ తీసి, అవసరమైతే రెండో ఆపరేషన్ చేయవచ్చు. తీసేసిన అండాశయాన్ని మాత్రం తిరిగి పెట్టలేం. ల్యాపరోస్కోపీ లేదన్న కారణంతో ఆలస్యం చేయడమూ తగదు. కోలుకోవడం తేలికని అదే మేలనుకున్నా, అది లేనిచోట కడుపు కోసి మెలిక విప్పినా ప్రయోజనం దక్కుతుంది.

మన ప్రాంతాల్లో ఈ మాట గట్టిగా చెప్పాల్సిన కారణం ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. అనవసరంగా గర్భసంచులు తీయడంపై 2023లో సుప్రీంకోర్టే జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. నొప్పి పెట్టే అవయవాన్ని తీసేస్తే పీడ విరగడవుతుందన్న ఆలోచన వైద్యుల్లోనూ, కుటుంబాల్లోనూ ఇంతగా పాతుకుపోయిన చోట, పన్నెండేళ్ల పిల్ల అండాశయం తీసినా అడిగేవారుండరు.

అందుకే తాలూకా ఆసుపత్రులకు ఒక్క పేజీ ఆదేశం చాలు: ఉన్నట్టుండి ఒక పక్క పొత్తికడుపు నొప్పి, వాంతులు ఉన్న బాలికను, గర్భం లేదని తేల్చుకున్న వెంటనే, డాప్లర్ రిపోర్టు ఎలా ఉన్నా ఆపరేషన్ చేయగల చోటికి ఆ రాత్రే పంపాలి. రాయచూరు రిమ్స్ లాంటి బోధనాసుపత్రులు తీసిన ప్రతి అండాశయానికీ కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి. తల్లిదండ్రులు అంగీకార పత్రంపై సంతకం పెట్టేముందు ఒక్కటే అడగాలి: ‘మెలిక విప్పి అండాశయాన్ని ఉంచుతారా?’ ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం వైద్యుడి బాధ్యత. అడగడం ఆ పిల్ల తరఫున మన బాధ్యత.